నలభయ్యో నంబరు ఫోను

తన తప్పు తనకే దొరికినప్పుడు మనిషి మొట్టమొదట చేసే పని, ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూడడం. లూడోమిర్ షెలిగా కూడా అదే చేశాడు. సోమవారం పొద్దున పదకొండయింది. మూడో అంతస్తులో అందరూ ఎవరి తెరల్లోకి వాళ్ళు తలలు దూర్చి కూర్చున్నారు. కిటికీ అవతల ఓద్రా నది మీద మంచు పలకలు పలకలుగా కదులుతోంది. పక్క బల్ల దగ్గర కలీనా యాపిల్ కొరుకుతూ ఒంటి చేత్తో టైపు చేస్తోంది. ఎవరూ చూడలేదు. అయినా అతను తెర మీది పేజీని గబుక్కున కిందికి జరిపేశాడు.

వాళ్ళ పని చెప్పుకోవడానికి పెద్ద చిక్కేమీ కాదు. సెల్ టవరు ఏ ఫోనుకైనా ఏదైనా పంపే ముందు దాన్ని పేరు పెట్టి పిలవాలి. ఇదుగో, ఈ క్షణంలో, ఈ రేడియో బ్యాండు మీద నీ వంతు, విను అని చెప్పాలి. ఈ పిలుపులు సెకనుకి రెండు వేల విడతలు సాగుతాయి. అయిదు బ్యాండ్లుంటే ఒక్కో ఫోనుకి అయిదు పిలుపులు. పిలవడానికే ఇంత చోటు పోతే అసలు కబురు పంపేదెక్కడ? అందుకని లూడోమిర్ జట్టు రెండేళ్ళు కూర్చుని, అయిదు బ్యాండ్లకీ కలిపి ఒకే పిలుపు పెట్టే పద్ధతి తయారు చేసింది. పిలుపుల ఖర్చు ముప్ఫై ఎనిమిది శాతం తగ్గింది. డైరెక్టరు విటోల్డ్ గ్రాబ్యెట్స్ ఆ అంకెను కాఫీ కప్పుల మీద కూడా అచ్చు వేయించాడు.

టవరుకి దగ్గరగా ఉన్న ఫోనుని ఒక్కసారి పిలిస్తే పలుకుతుంది. కొసన ఉన్నదానికి వినబడదు. అదే పిలుపుని పదహారు సార్లు పేర్చి పంపాలి. పిలుపులకున్న చోటే కాస్త. చోటు చాలకపోతే కొస ఫోనుని తర్వాతి విడతకి వాయిదా వెయ్యమని ప్రోగ్రాంలో రాసింది లూడోమిరే. తర్వాతి విడతలో చోటు దొరుకుతుందనుకున్నాడు. రద్దీలో దొరకదు. ఆ తర్వాతి విడతలోనూ దొరకదు. సగటు కట్టే చోట ఇంకో వాక్యం ఉంది, అదీ అతని చేతి రాతే. పిలుపు అందుకున్న ఫోన్లనే లెక్కించు అని దాని సారాంశం. అంటే పిలవని ఫోను లెక్కలోకే రాదు. ఖరీదైన పిలుపులన్నీ ఎగ్గొట్టి, ఎగ్గొట్టినవాటిని సగటులోంచి తీసేసి, పొదుపు చేశామని కప్పుల మీద అచ్చు కొట్టించుకున్నారన్నమాట.

అతను ఆ రెండు వాక్యాలూ పక్కకి తీసి, ల్యాబులో పరీక్షకి పెట్టిన నలభై ఫోన్లనీ లెక్కలో పెట్టి మళ్ళీ నడిపించాడు. పదకొండు శాతం వచ్చింది. ఇంకోసారి నడిపించాడు. పదకొండే.

"లూడెక్! ఏంటా మొహం, పన్ను పీకించుకున్నవాడిలా?"

ముద్దుపేరుతో పిలిచింది డైరెక్టరు విటోల్డ్, చేతిలో ఆ కప్పే ఉంది. వచ్చి బల్ల అంచు మీద కూర్చున్నాడు.

"గురువారం వార్సా నుంచి ఫోను కంపెనీవాళ్ళు దిగుతున్నారు. తెలుసుగా. ల్యాబులో ఆ మూడు దరిద్రపు ఫోన్లూ బాగుపడ్డాయా?"

"ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, నలభై," అన్నాడు లూడోమిర్. అడగని మాటకి జవాబు చెప్పాడు.

"నంబర్లు నాకెందుకయ్యా. బుధవారం సాయంత్రానికి బాగుపడితే సరి, లేకపోతే సొరుగులో పడేసి ముప్ఫై ఏడుతోనే కానిద్దాం. మూడు వారాలు మింగేసింది ల్యాబు చూసే హొనొరాతా గారు. తీగలు పెట్టడం కూడా రాకపోతే ఎలా? మార్చి నుంచి ఆవిణ్ణి గోదాముకి పంపించేస్తున్నా. పెట్టెల మీద చీటీలు అంటించుకుంటూ కూర్చుంటుంది. రెండేళ్ళేగా, పింఛనుకి."

ఫోన్లు పాడైపోయి ఉంటాయని మొదట అన్నది లూడోమిర్. బ్యాటరీలు మార్చమన్నదీ, తర్వాత తీగలు మార్చమన్నదీ అతనే. ఆ మాటలన్నప్పుడు నిజంగానే అలా అనుకున్నాడు. ఇప్పుడు అనుకోవడం లేదు.

"విటెక్, అదేంటంటే..."

"ఏంటి?"

లూడోమిర్ చూపు తెర మీదికి తిప్పుకున్నాడు. "ఏం లేదు. చూస్తాను," అన్నాడు.

డైరెక్టరు అతని భుజం తట్టి వెళ్ళిపోయాడు. తట్టిన చోటు చాలాసేపు మండుతున్నట్టే అనిపించింది లూడోమిర్‌కి.

మంగళవారం పొద్దున చెప్పేద్దామనే కిందికి దిగాడు. డైరెక్టరుకి తర్వాత, ముందు ఆవిడకి. మెట్లు దిగుతున్నంతసేపూ మాటలు కూడా పేర్చుకున్నాడు.

ల్యాబు నేలమాళిగలో ఉంది. మందపాటి తలుపు వేసిన లోహపు గది, బయటి టవర్లేవీ లోపలికి వినబడవు. అలమరలో నలభై ఫోన్లు, ఒక్కోదానికి ఒక్కో డబ్బా. టవరుకీ ఫోనుకీ మధ్య దూరాన్ని అక్కడ తీగల్లోనే తయారు చేస్తారు. సిగ్నల్ బలాన్ని తగ్గించే చిన్న ఇత్తడి బిళ్ళలు తీగ ముక్కల మధ్య వరసగా బిగిస్తూ పోతే, అడుగు దూరంలో ఉన్న ఫోను నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్నట్టే. అన్నిటికంటే ఎక్కువ బిళ్ళలు నలభయ్యోదానికి. ప్రతి తీగకీ తెల్ల చీటీ, చీటీ మీద గుండ్రటి చేతిరాత.

హొనొరాతా పీతెల్ మోకాళ్ళ మీద కూర్చుని అలమర అడుగు అరలోకి తల దూర్చి ఉంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మోకాళ్ళ కింద మడత పెట్టిన పాత స్వెట్టరు.

"కాళ్ళ దగ్గర గ్లాసుంది, తన్నేరు," అంది తల తియ్యకుండానే. అడుగున పొడి పేరుకున్న నల్ల కాఫీ గ్లాసు నేల మీద ఉంది. "ఎలాగూ వచ్చారుగా, ఆ టార్చి కాస్త పట్టుకోండి. ఎడమకి. మీ ఎడమ కాదండీ బాబూ, నా ఎడమ."

అతను ఒంగి టార్చి పట్టాడు. ఆమె పాత తీగ మర విప్పి, కొత్త తీగ కొసని గుడ్డతో తుడిచి, ముందు వేళ్ళతో తిప్పి, ఆపైన చిన్న స్పానరు వేసింది. సరిపడా బిగిసిందంటే అది టిక్కుమంటుంది. టిక్కుమన్నాక ఇంకో వెంట్రుకవాసి కూడా తిప్పదు. పాత తీగని చుట్ట చుట్టి పక్కన పెట్టింది. అక్కడ అప్పటికే పాతిక చుట్టలున్నాయి.

"నేను పంపినవి చూశారా?" అంది.

మార్చిన తీగల జాబితాల గురించి అడుగుతోందనుకున్నాడు. "చూస్తున్నానండీ," అన్నాడు. చూడలేదు.

"నేను లెగ్నీత్సా టెలిఫోను ఎక్స్ఛేంజిలో చేరినప్పుడు నాకు పంతొమ్మిది," అంది ఆమె ఇంకో మర విప్పుతూ. "బోర్డు నిండా దీపాలే. ఊళ్ళోవాళ్ళు చేస్తే దీపం భగ్గుమనేది. కొండ కింద పల్లెలవి ఉన్నాయి చూశారా, తీగ పొడుగు కదా, మిణుకుమిణుకుమనేవి. మా సూపర్వైజరమ్మ వెనకాలే నిలబడి జడ పట్టుకు లాగేది. ముందు ఆ మసక దీపం చూడవే మొద్దూ, అంత దూరం నుంచి ఎవరూ ఊసుపోక చెయ్యరు అని. ఇప్పటికీ ఇక్కడ లాగినట్టుంటుంది." మెడ వెనక చెయ్యి పెట్టి చూపించింది.

అతను టార్చి కాస్త కిందికి దించాడు.

"హొనొరాతా గారూ..."

"చెప్పండి."

ఆమె చేతులు ఆగాయి. స్పానరు మర మీదే ఉంది గాని తిరగలేదు. తల అరలోంచి కొంచెం బయటికి వచ్చింది. పేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో, లూడోమిర్‌కి ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఈ తీగ... ఎంత పొడుగుంటుందండీ?"

ఆమె అతని వంక చూసింది. కొంచెం ఎక్కువసేపే చూసింది.

"అరవై సెంటీమీటర్లు," అంది. స్పానరు టిక్కుమంది.

ఆ పూటంతా అతను అక్కడే ఉన్నాడు. పద్నాలుగు తీగలు మార్చేదాకా టార్చి పట్టాడు. ఏ తీగలోనూ లోపం లేదని తెలిసి, ఆమె మోకాళ్ళు నొప్పెట్టి మధ్యలో రెండుసార్లు లేచి నిలబడడం చూస్తూ, పట్టాడు. సాయం చేస్తున్నట్టు కనబడడం కంటే సిగ్గుమాలిన పని తన నలభై ఆరేళ్ళ బతుకులో చెయ్యలేదని పైకి ఎక్కుతూ అనుకున్నాడు. అనుకోవడం వల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

బుధవారం కలీనా కుర్చీ జరుపుకుంటూ అతని బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"మీరు సోమవారం నడిపించిన లెక్క అందరికీ కనబడే చోటే వదిలేశారు. పదకొండు వస్తోంది. నిజమేనా?"

దాచాలని కాదు, తియ్యడం మర్చిపోయాడు. "నిజమే."

"అమ్మో. అయితే కప్పులు గీకడానికి ఇసక కాగితం కొనుక్కురానా?" అంది. అతను నవ్వకపోయేసరికి ఆమె నవ్వూ ఆగిపోయింది. "హొనొరాతా గారికి తెలుసా?"

"చెప్పాలి."

"ఇంకా చెప్పలేదా!" అంది కలీనా. కుర్చీ వెనక్కి జరుపుకుంది. తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు.

లేచి డైరెక్టరు గదికి వెళ్ళాడు. తలుపు మూసి, నిలబడే, "ఆ మూడు ఫోన్లూ బాగానే ఉండొచ్చనిపిస్తోంది," అన్నాడు.

"అయితే తప్పెక్కడుంది?"

"మన పద్ధతిలో... ఏదో ఒక చోట... చూడాలి."

విటోల్డ్ కలం కింద పెట్టాడు. వెర్రివాడేం కాదు. ఆ నీళ్ళు నమలడంలోనే ఎంత అర్థం కావాలో అంత అయింది. అంతకంటే ఎక్కువ అర్థం చేసుకోదలచుకోలేదు.

"లూడెక్, నేనేమీ వినలేదు. నువ్వేమీ అనలేదు. గురువారం దాకా ఒక్క అక్షరం ముట్టుకోకు. ఆ తర్వాత నీ ఇష్టం, నెల రోజులు తీసుకుని దిద్దుకో. ఇంకో మాట. రేపు అతిథుల ముందు హొనొరాతా గారు రెండు ముక్కలు మాట్లాడతారు. ల్యాబు పొరపాటు వల్ల ఆలస్యమైంది, మన్నించండి అని. నేనే చెప్పమన్నా. పద్ధతిగా ఉంటుంది."

"ఆవిడ చేత చెప్పించడం అవసరమా?"

"మరి నువ్వు చెప్తావా?"

లూడోమిర్ తలుపు తీసుకుని బయటికొచ్చాడు. ఆ ప్రశ్నకి అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ముక్క కారిడారు చివరకొచ్చాక తట్టింది, ఎప్పటిలాగే.

గురువారం. ఉపవాస దినాల ముందు వచ్చే ఆఖరి గురువారం గనక ఊరంతా పొంచ్కీలనే తీపి బూరెలే తింటారు. ట్రాములో ప్రతివాళ్ళ ఒళ్ళోనూ నూనె మరకలు పడ్డ అట్టపెట్టెలే. ఆఫీసు వాళ్ళు బేకరీ నుంచి తెప్పించారు. హొనొరాతా మాత్రం ఇంట్లో తనే వేయించి, లోపల గులాబీ జామ్ పెట్టి, పైన పంచదార పొడి జల్లి, గుడ్డ కప్పిన వెడల్పాటి పళ్ళెంతో మూడో అంతస్తు దాకా మోసుకొచ్చింది. లిఫ్టులో కొట్టుకుంటుందని మెట్లెక్కే వచ్చింది. గోధుమరంగు కోటు, మెళ్ళో పూసలు. మోకాళ్ళ మీద కూర్చున్న మనిషినే ఎరిగిన లూడోమిర్‌కి మొదట ఎవరో అనిపించింది.

వార్సా నుంచి ముగ్గురు వచ్చారు. వాళ్ళలో పెద్దావిడ జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, నోటుపుస్తకం తెరిచి పెట్టుకుని, ఏ మాటా వదలకుండా రాసుకుంటోంది. విటోల్డ్ గంటసేపు మాట్లాడాడు. తెర మీద ముప్ఫై ఏడు చుక్కలు ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. ముప్ఫై ఎనిమిది శాతం అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో కలీనా కాగితం మీద గీతలు పెట్టి లెక్కేస్తోంది.

"నలభై ఫోన్లన్నారుగా ఉత్తరంలో. ముప్ఫై ఏడే ఉన్నాయేం?" అంది పెద్దావిడ.

"మూడు పాడైపోయాయండీ. ల్యాబులో చిన్న పొరపాటు. ఆ ఆలస్యానికి మా హొనొరాతా గారు..." విటోల్డ్ చేత్తో చూపించాడు.

హొనొరాతా లేచి నిలబడింది. చేతులు ముందుకి కట్టుకుంది. బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలా ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "ల్యాబు నా బాధ్యత. మూడు ఫోన్లు పరీక్షలో పనికిరాలేదు. బ్యాటరీలు మార్చాను, తీగలు మార్చాను. అయినా కుదరలేదు. మీ పని ఆలస్యమైనందుకు మన్నించండి." కూర్చుంది. తర్వాత ఏం చెయ్యాలో తోచక, పళ్ళెం మీది గుడ్డ తీసి, "తీసుకోండి, పొద్దున చేసినవే," అంది.

పళ్ళెం చేతులు మారుతూ వచ్చింది. లూడోమిర్ ఒకటి తీసుకున్నాడు. తీసుకోకపోతే బాగుండదని తీసుకున్నాడు. కొరికాడు కూడా. జామ్ తియ్యగా నాలుక మీదికొచ్చింది. ఎదురుగా ఆమె, అతను తింటున్నాడా లేదా అని చూస్తోంది. వండినవాళ్ళు ఎప్పుడూ చూసేలాగే.

"ఫోన్లు పాడవలేదు," అన్నాడు.

నోట్లో ముద్ద ఉండగానే అన్నాడు. ఎవరికీ సరిగ్గా వినబడలేదు. అది మింగి, పంచదార అంటిన వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"ఫోన్లు పాడవలేదండీ. తీగలూ పాడవలేదు. అవి టవరుకి దూరంగా పెట్టిన ఫోన్లు. వాటిని పిలవాలంటే చోటు ఎక్కువ పడుతుంది. నేను రాసిన పద్ధతి వాటిని వాయిదా వేస్తూ పోతుంది. పిలవనివాటిని సగటులోంచి తీసేస్తుంది. అదీ నేను రాసిందే. నలభైనీ పిలిస్తే తగ్గేది పదకొండు శాతం. ముప్ఫై ఎనిమిది కాదు. సోమవారం నుంచి నాకు తెలుసు. ఈవిడ తప్పేమీ లేదు. మార్చిలో ఈవిణ్ణి గోదాముకి పంపిస్తున్నారు. పంపితే నన్ను పంపాలి."

విటోల్డ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెద్దావిడ కలం మాత్రం ఆగలేదు. రాయడం అయ్యాక తలెత్తింది.

"బయట అయితే ఆ మూడు ఫోన్లూ ఎవరివవుతాయి?"

"ఊరి చివర ఉన్నవాళ్ళవి," అన్నాడు లూడోమిర్.

"మా దగ్గరికి వచ్చే ఫిర్యాదులన్నీ వాళ్ళవే." పుస్తకం మూసింది. "పదకొండు కూడా తక్కువేం కాదు. మూడు వారాల్లో నలభైతోనూ చూపించండి. ఇదే ల్యాబు, ల్యాబులో ఈవిడే ఉండాలి." విటోల్డ్ వంక తిరిగి, జవాబు వచ్చేదాకా చూస్తూ కూర్చుంది.

"తప్పకుండా," అన్నాడు విటోల్డ్. లూడోమిర్ పక్కనుంచి వెళ్తూ, "నీతో సోమవారం మాట్లాడతా," అన్నాడు.

మధ్యాహ్నం లూడోమిర్ నేలమాళిగకి దిగాడు. ఒళ్ళు తేలికపడినట్టే ఉంది. నిజం చెప్పుకోవాలంటే, ఆవిడ ఒక మంచి మాట అంటుందని, కనీసం కాఫీ అయినా ఇస్తుందని లోలోపల ఆశ కూడా ఉంది. మనిషి ఎంత సిగ్గుపడ్డా ఆ ఆశ చావదు.

హొనొరాతా పూసలు తీసేసి, పని కోటు తొడుక్కుని, సొరుగులోంచి మూడు ఫోన్లూ తీసి బల్ల మీద వరసగా పెడుతోంది.

"హొనొరాతా గారూ, నన్ను మన్నించాలి. సోమవారమే మీకు చెప్పాల్సింది."

"నాకేం చెప్తారు? నేనే మీకు చెప్పానుగా."

అతనికి అర్థం కాలేదు.

"జనవరి ఇరవై రెండున రాశాను. ఇరవై తొమ్మిదిన రాశాను. మొన్న అయిదో తారీకున రాశాను. చూశారా అంటే చూస్తున్నానన్నారు."

లూడోమిర్ జేబులోంచి ఫోను తీశాడు. లోహపు గదిలో అది పలకదు. తలుపు దాటి కారిడారులోకి వెళ్ళి నిలబడి వెతికాడు. ఏడాది కిందట, ఈమెయిలు ఉత్తరాల తాకిడి ఎక్కువైందని అతనే ఒక ఏర్పాటు చేసుకున్నాడు. ల్యాబు నుంచి వచ్చేవన్నీ విడిగా ఒక సంచిలో పడాలి, ఖాళీ దొరికినప్పుడు చూసుకోవచ్చు అని. ఏడాదిగా ఖాళీ దొరకలేదు. ఆ సంచి అనేది ఒకటుందనే మర్చిపోయాడు. అందులో తెరవని ఉత్తరాలు అరవై ఒకటి ఉన్నాయి.

ఇరవై రెండో తారీకుది తెరిచాడు. "లూడోమిర్ గారికి, 38, 39, 40 ఫోన్లు బాగానే ఉన్నాయి. దగ్గరి తీగకి మార్చి చూశాను, వెంటనే పలుకుతున్నాయి. టవరు వీటిని పిలవడం లేదని నా అనుమానం. వీలు చూసుకుని ఒక్కసారి కిందికి వస్తారా? హొనొరాతా." మిగిలిన రెండూ కూడా ఇంచుమించు అంతే. మూడోదాంట్లో 'వీలు చూసుకుని' అన్న మాట లేదు.

తిరిగి లోపలికొచ్చేసరికి తల ఎత్తడానికి ముఖం చెల్లలేదు.

"మీకన్నీ తెలిసి... మరి ఆ తీగలన్నీ ఎందుకు మార్చారండీ?"

"మీరు మార్చమన్నారుగా." ఆమె గొంతులో కోపం కూడా లేదు. "మంగళవారం మీరు టార్చి పట్టుకుని నిలబడితే, ఉత్తరాలు చదివే వచ్చాడు, ఇదుగో చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. హొనొరాతా గారూ అన్నారు కూడా. చేతులాపి చూశాను." కాస్త ఆగింది. "తీగ పొడుగు అడిగారు."

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఇవాళ పైన నిలబడి చెప్పారు. బాగానే చెప్పారు," అంది హొనొరాతా. "నేను అందరి ముందూ మన్నించమన్నాక చెప్పారు."

ఆమె మడిచిన స్వెట్టరు తీసి అలమర అడుగు అర ముందు నేల మీద పడేసింది. స్పానరు అతని చేతిలో పెట్టింది.

"మూడూ ఎక్కడివక్కడ పెట్టాలి. నలభయ్యోదాంతో మొదలెట్టండి. టిక్కుమన్నాక ఆపేయాలి, బలం చూపించొద్దు."

లూడోమిర్ స్వెట్టరు మీద మోకరిల్లి అరలోకి తల దూర్చాడు. లోపల చీకటిగా, పాత దుమ్ము వాసనగా ఉంది. మొదటి మర ఎంతకీ గాడిలో పడలేదు. వెనకనుంచి టార్చి వెలిగింది. "కాస్త ఎడమకి," అన్నాడు అలవాటు లేని గొంతుతో. వెలుగు సరిగ్గా మర మీదికి జరిగి, అక్కడే కదలకుండా నిలబడింది. ఆ వెలుగు వెనక ఆమె ముఖం కనబడడం లేదు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక, మరను మళ్ళీ మొదటినుంచి తిప్పడం మొదలుపెట్టాడు.